ఆటో ఎక్కించింది ఎవరు?

నల్లగొండ జిల్లా పెద్దఅడిశర్లపల్లి మండలం. 2018 ఏప్రిల్ 6 పొద్దున మిరపకాయ కోతకు కూలీలను తీసుకుపోతున్న ట్రాక్టరు వద్దిపట్ల దగ్గర ఎ.ఎం.ఆర్.పి. కాలువలో పడింది. తొమ్మిది మంది ఆడకూలీలు చనిపోయారు. మూడేళ్లు తిరగకముందే, 2021 జనవరి 21న, అదే మండలంలో అంగడిపేట దగ్గర, నాట్లు వేసి ఇళ్లకు తిరిగొస్తున్న కూలీల ఆటోను లారీ ఢీకొట్టింది. ఈసారీ తొమ్మిది మందే. ఈ రెంటికీ మధ్య, 2018 జూన్ 24న, పక్కనున్న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలువలోకి బోల్తా కొట్టి పదిహేను మంది పోయారు. అందులో పద్నాలుగు మంది ఆడవాళ్లు. పదిహేనో ప్రాణం, తల్లి వెంట వచ్చిన పసిబిడ్డ.

ఇలాంటి వార్తకు మన పత్రికలు పెట్టే పేరు ఒకటే: ఘోర ప్రమాదం. చెప్పే కారణాలు రెండే: డ్రైవర్ నిర్లక్ష్యం, పరిమితికి మించి ఎక్కడం. మంత్రులు వస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు, రవాణా శాఖవాళ్లు పది రోజులు రోడ్ల మీద ఆటోలు ఆపుతారు. పదకొండో రోజు నుంచి మళ్లీ అదే ఆటో, అదే ట్రాలీ, అంతమందే మనుషులు.

పరిమితికి మించి ఎక్కారు, నిజమే. ఎందుకు ఎక్కారు అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న. ఆ ప్రశ్న అడగడం స్త్రీల ఉద్యమానికి కొత్త కాదు. ఒకప్పుడు ఊరూరా కోడళ్లు "స్టవ్ పేలి" చనిపోయేవారు. పోలీసు రికార్డులో అది ప్రమాదం. పేలిన ప్రతి స్టవ్ దగ్గరా కోడలే ఎందుకుంటుంది, అత్త ఎందుకుండదు అని అడిగినవాళ్లు స్త్రీల సంఘాలవాళ్లు. ఆ ప్రశ్న నుంచే 1983లో 498ఎ, 1986లో 304బి వచ్చాయి. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల అసహజంగా చనిపోతే, దానికి ముందు కట్నం వేధింపు ఉందని తేలితే, ప్రమాదం అన్న మాటతో కేసు మూసేయడానికి వీల్లేదని చట్టం చేత ఒప్పించుకున్నాం. 2024 జులై నుంచి శిక్షాస్మృతి పేరూ సెక్షన్ల నంబర్లూ మారాయి కానీ ఆ సూత్రం నిలిచే ఉంది. వంటింటి చావు మీద మనకు వచ్చిన ఆ అనుమానం, పొలం దారి చావు మీద ఇంకా రాలేదు. అక్కడ కనిపించే దోషి డ్రైవరు. అతనూ ఎక్కువసార్లు అదే ఊరివాడు, అప్పుచేసి బండి కొన్నవాడు. ఒక్కోసారి పోయినవాళ్లలో అతనూ ఉంటాడు.

లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం. నాట్లు ఇప్పుడు చాలాచోట్ల రోజుకూలికి కాదు, గుత్తకు. ఎకరానికి ఇంత అని ముఠా ఒప్పుకుంటుంది, వచ్చినదాన్ని అందరూ పంచుకుంటారు. పత్తి ఏరితే కిలోకింత. ఆటో కిరాయి మాత్రం ట్రిప్పుకింత. ఆ కిరాయి రైతు ఇచ్చేటట్టయితే, తనకు కావలసిన పదిహేను మందినీ ఒకే ట్రిప్పులో తెమ్మంటాడు. కూలీలే ఇచ్చుకునేటట్టయితే, ఏడుగురు పంచుకున్నదానికన్నా పద్నాలుగు మంది పంచుకుంటే ఒక్కొక్కరి మీద పడేది సగం. ఎవరిచ్చినా ఆటో నిండాల్సిందే. దీనికి అత్యాశ అని పేరు పెట్టేవాళ్లు, ఆ మిగిలిన సగం కిరాయి ఆ ఇంట్లో ఒక పూట కూర అని తెలియనివాళ్లు.

ఇంకొకటి ఉంది. ముఠాలో చోటు శాశ్వతం కాదు. "నేను వేలాడుకుంటూ రాను, వెనక ట్రిప్పులో వస్తా" అన్న మనిషిని మేస్త్రీ రేపు పిలవకపోవచ్చు. వెనక ట్రిప్పులో వచ్చేసరికి గంటన్నర పొద్దెక్కుతుంది. మిరప కోత ఎండల్లోకి జరిగే పని. మిట్టమధ్యాహ్నం లోపల ఎంత కోస్తే అంత. ఆ గంటన్నర ఆమె ఒక్కదాని నష్టమే కాదు, గుత్త పనిలో మొత్తం ముఠా నష్టం. కాబట్టి ఎక్కమని బలవంతపెట్టేది తోటి ఆడవాళ్లే కావచ్చు. మన సమావేశాల్లో ఈ మాట చెప్పుకోవడానికి కొంచెం ఇబ్బంది పడతాం, కానీ చెప్పుకోవాలి.

పని ఇంటి దగ్గరే ఎందుకు దొరకదు? 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కూలీలు దాదాపు కోటీ 70 లక్షల మంది. వాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లు. ఈ ఆడవాళ్ల చేతుల్లోంచి పనులు ఒక్కొక్కటే పోయాయి. వరి కోతా నూర్పిడీ యంత్రం తీసుకుంది. కలుపు చాలామటుకు మందు తీసుకుంది. మిగిలినవి యంత్రం ఇంకా సరిగ్గా చేయలేని పనులు: నాటు, పత్తి ఏరడం, మిరప కోయడం. ఇవన్నీ నడుం వంచి వేళ్లతో చేసేవి, అందుకే ఆడవాళ్లకు మిగిలాయి. ఈ పనులు ఏడాది పొడుగునా ఉండవు. ఒక్కో ప్రాంతంలో కొద్ది వారాలు ముంచుకొస్తాయి. ఆ కొద్ది వారాల్లో కాలువ కింది ఊళ్లో మనుషులు చాలరు, కాలువ నీళ్లు అందని తండాలో పని ఉండదు. తండా నుంచి కాలువ కిందికి ఇరవై, ముప్పై కిలోమీటర్లు. ఈ మధ్యనున్న దూరాన్నే ఆటో దాటిస్తుంది. నీళ్లు ఒకరి పొలానికి వచ్చి ఇంకొకరి పొలానికి రాకపోవడం ఇంజనీర్ల విషయంగా కనిపిస్తుంది. వద్దిపట్ల దగ్గర అది తొమ్మిది మంది ఆడవాళ్ల ప్రాణాల విషయం అయింది.

మగ కూలీలు లేరా, వాళ్లు ఇలా ఎందుకు చావరు అని అడగవచ్చు. చస్తారు, కానీ వేరే విధంగా. ఇంట్లో ఒక మోటారు సైకిలుంటే అది మగవాడిది. అతను దాని మీద పనికి పోతాడు, లేదా పట్నం పోయి కట్టడం పనిలో ఉంటాడు. ఆడవాళ్లకు సొంత బండి లేదు, ఉన్నా నేర్పినవాళ్లు లేరు. కాలం కూడా ఆమె చేతిలో లేదు. 2024లో జరిగిన జాతీయ కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పని చేస్తున్నారని, మగవాళ్లు 88 నిమిషాలని తేలింది. అసలు చేయని మగవాళ్లు ఆ సగటులోకి రారు, అది వేరే సంగతి. దాదాపు ఐదు గంటల ఇంటిపని ముగించి, సద్ది కట్టుకుని, తెల్లవారేసరికి రోడ్డు మీద నిలబడాల్సిన మనిషికి, నడిచిపోవడమూ బస్సు కోసం చూడటమూ కుదిరే పనులు కావు. దొరికిన దానిలో ఎక్కుతుంది.

బస్సు మాట వచ్చింది కాబట్టి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్ లేదు. ఇది చిన్న విషయమని నేననను. ఆస్పత్రికీ పుట్టింటికీ చేతిలో డబ్బు చూసుకోకుండా బయలుదేరగలగడం ఎంత స్వేచ్ఛో ఆడవాళ్లకే తెలుసు. అయితే ఆ బస్సు మండల కేంద్రం నుంచి జిల్లా కేంద్రానికి పోతుంది. తండా నుంచి మిరప చేనుకు పోదు. తెల్లవారుజామున ఐదింటికి పోదు. టికెట్ మాఫీ చేసిన ప్రభుత్వం దగ్గర, పంట కాలంలో ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంతమంది ఆడవాళ్లు రోజూ కదులుతున్నారన్న లెక్క ఉండాలి కదా. ప్రతి మేస్త్రీకీ తెలిసిన లెక్క అది. వ్యవసాయాధికారికీ డిపో మేనేజరుకూ ఏ సీజనులోనైనా ఒకసారి కూర్చుని వేసుకోవడానికి కష్టమైనదేమీ కాదు.

ఎక్కువమంది ఎక్కడమే కారణమైతే, మరి తాడిమర్రి సంగతేమిటి? 2022 జూన్ 30న శ్రీ సత్యసాయి జిల్లా తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర, కూలికి పోతున్న ఆటో మీద కరెంటు తీగ తెగిపడి ఐదుగురు ఆడవాళ్లు కాలిపోయారు. విద్యుత్ సంస్థ అధికారులు చెప్పిన కారణం ఉడత. ఉడత తీగ మీద దూకిందట, తీగ తెగిందట. నాలుగు నెలలకే, నవంబరు 2న, అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరులో 11 కె.వి. తీగ తెగి ట్రాక్టరు మీద పడి మరో నలుగురు ఆడకూలీలు పోయారు. దానికి ముందు 2020 మే 14న ప్రకాశం జిల్లా రాపర్లలో మిరప కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభానికి తగిలి, తీగల కిందే ప్రాణాలు పోయాయి. పాత తీగ, వంగిన స్తంభం, గుంతల డొంక దారి, వెనక లైటు లేని ట్రాలీ ఇవన్నీ కలిసి ఒకచోటే ఉండటం యాదృచ్ఛికం కాదు. ఆ దారిలో ఎవరు తిరుగుతారో వాళ్ల మాట ఏ ఆఫీసులోనూ చెల్లదు కాబట్టి అక్కడ ఉంటాయి. ఉడతలు కలెక్టరేటు దగ్గర తీగల మీదా ఉంటాయి.

చదివిన ఒక విషయం ఇక్కడ గుర్తొస్తోంది. ధనిక దేశాల్లో ఆర్థిక మాంద్యం వస్తే రోడ్డు చావులు తగ్గుతాయని అమెరికన్ ఆర్థికవేత్త క్రిస్టఫర్ రూమ్ 2000లో రాశాడు. మాంద్యం తర్వాత అక్కడి లెక్కలు కూడా అలాగే ఉన్నాయి. 2007లో 41 వేలు దాటిన రోడ్డు చావులు 2010 నాటికి 33 వేలకు వచ్చాయి. చేతిలో డబ్బు తగ్గితే కారు బయటికి తీయడం తగ్గుతుంది. మన దగ్గర ఆటో ఎక్కే మనిషికి ఇది తలకిందులు. చేతిలో డబ్బు తగ్గితే ఇంకా దూరం పోవాలి, ఇంకా చవకైన దానిలో పోవాలి. వాళ్లకు ప్రయాణం ఖర్చు, మానేయవచ్చు. వీళ్లకు ప్రయాణమే బతుకుతెరువు. దేశం మొత్తం మీద 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఏ బండి, ఏ రోడ్డు, ఏ వేళ, హెల్మెట్ ఉందా లేదా అన్నీ అందులో దొరుకుతాయి. ఎంత కూలి కోసం బయలుదేరారన్నది దొరకదు.

ఇక చనిపోయిన తర్వాతి సంగతి. ఇక్కడే మన సంఘాలు ఎక్కువ శ్రద్ధ పెట్టాలని నా ఉద్దేశం, ఎందుకంటే చవకగా తేలిపోయే చావు మళ్లీ జరుగుతుంది.

ట్రాలీ సరుకు మోయడానికి. అందులో ఊరికే ఎక్కిన మనిషి చనిపోతే బీమా కంపెనీ పరిహారం ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో చెప్పింది. ఆటో అయితే, పర్మిట్ ఎంతమందికుంటే అంతమంది వరకే కంపెనీ బాధ్యత అని 2007లో అంజనా శ్యామ్ కేసులో చెప్పింది. అది బస్సు కేసు, కానీ సూత్రం అన్నిటికీ ఒకటే. దాని అర్థం ఇది: ముగ్గురికి పర్మిట్ ఉన్న ఆటోలో తొమ్మిది మంది పోతే, ఎక్కువ పరిహారం పడిన ముగ్గురి మొత్తాన్ని కంపెనీ కట్టి చేతులు దులుపుకుంటుంది. ఆ మొత్తాన్ని తొమ్మిది ఇళ్లూ పంచుకోవాలి. మిగతాది బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవాలి. అతని దగ్గర ఏముంటుంది, విరిగిన ఆటో. కిరాయి పంచుకుని ఆటో ఎక్కినవాళ్లు చివరికి పరిహారం కూడా అలాగే పంచుకుంటారు. కోర్టును తప్పుపట్టడం తేలిక. చట్టం అలా ఉన్నంతవరకు తీర్పు ఇంకోలా రావడం కష్టం. అయితే కొన్ని కేసుల్లో కోర్టులు ముందు కంపెనీని కట్టమని, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమని ఆదేశించాయి. మన న్యాయవాదులు ఆ దారి గట్టిగా పట్టుకోవాలి.

పరిహారం ఎంత అన్నది పోయిన మనిషి సంపాదన మీద ఆధారపడుతుంది. 1994లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన పట్టికలో సంపాదన లేని మనిషి ఆదాయాన్ని ఏడాదికి 15 వేలుగా, భార్య అయితే సంపాదించే భర్త ఆదాయంలో మూడోవంతుగా ఊహించుకోమన్నారు. 1989 మార్చిలో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో (లతా వాధ్వా కేసు) 2001లో సుప్రీంకోర్టు గృహిణి సేవల విలువ నెలకు 3 వేలని కట్టింది. అది అప్పటికి పెద్ద అడుగు. 2021 జనవరి 5న కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ, దేశంలో 16 కోట్ల మంది ఆడవాళ్లు ఇంటిపనే తమ ప్రధాన వృత్తి అని జనగణనలో చెప్పారని గుర్తుచేసి, ఆ పనికి విలువ కట్టడం దయాధర్మం కాదన్న ధోరణిలో విడిగా తీర్పు రాశారు. చాలా మంచి తీర్పు. కానీ మన కూలీ మహిళ విషయంలో దీనివల్ల ఒక విచిత్రం జరుగుతుంది. ఆమె రెండు పనులూ చేస్తుంది, కూలీ, ఇల్లూ. రికార్డులో ఒక్కటే పడుతుంది. కూలి అని పడితే, ఏడాదిలో ఎన్ని రోజులు పని దొరికింది, కాగితం చూపించు అంటారు. గృహిణి అని పడితే కూలి మాయమవుతుంది. రెండు పనులు చేసి చనిపోయిన మనిషికి ఒకటిన్నర పని విలువ కూడా రాదు.

తెలంగాణలో 2018 ఆగస్టులో రైతు బీమా వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా ఇంటికి ఐదు లక్షలు. పట్టా ఉన్నవాళ్లకే. ఆ పొలంలో నాటు వేసి తిరిగొస్తూ చనిపోయిన మనిషికి, ఆమె పేరున సెంటు భూమి లేదు కాబట్టి, ఆ బీమా లేదు. ఉన్నది కేంద్రం 2015లో పెట్టిన ప్రమాద బీమా, రెండు లక్షలది. ఏడాదికి ఇరవై రూపాయలు బ్యాంకు ఖాతాలోంచి కోసుకోవాలి. ఆ రోజు ఖాతాలో ఇరవై రూపాయలు లేకపోతే బీమా లేదు.

మరి ఏం అడగాలి? పరిమితికి మించిన ఆటోలను కఠినంగా ఆపమని అడిగే పిటిషన్ల మీద సంతకం పెట్టడానికి నాకు చెయ్యి రాదు. ఆపిన రోజు కూలి పోయేది ఎక్కినవాళ్లకే. ఆపకపోతే ప్రాణం పోయేదీ వాళ్లకే. ఈ చిక్కుకు పోలీసుల దగ్గర జవాబు లేదు. ఆటో ఎక్కనని చెప్పగల బలం ఆమెకు ఎప్పుడొస్తుందన్నది పోలీసు ప్రశ్న కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో ఒక నిబంధన ఉండేది, మనమే సరిగ్గా పట్టించుకోలేదు. పని ఇంటికి 5 కిలోమీటర్ల లోపల ఇవ్వాలి, దాటితే పది శాతం ఎక్కువ కూలి ఇవ్వాలి. కూలి చట్టంలో దూరానికి ధర కట్టిన మాట అది. ఊళ్లోనే పని దొరికిన వారాల్లో దూరపు ముఠాకు పోవాలా వద్దా అని ఆడవాళ్లు కనీసం ఆలోచించుకోగలిగారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో వేరే చట్టం చేసింది. నాట్లూ కోతల కాలంలో ఏడాదికి 60 రోజులు ఆ పనులు ఆపే నిబంధన అందులో ఉంది. రైతుకు కూలీలు దొరకడం కోసమట. ఆ 60 రోజులే ఆటోలు నిండే రోజులు.

కాబట్టి అడగాల్సినవి నాకు తోచినంతలో ఇవి. పని నుంచి ఇంటికి, ఇంటి నుంచి పనికి వచ్చే దారిలో పోయిన ప్రాణం పనిలో పోయినట్టే లెక్క. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో ఆ సూత్రానికి చోటిచ్చారు, కానీ పని ఇచ్చినవాడెవరో తేలాలి. కాగితం లేని ముఠా పనిలో అది ఎవరు, రైతా, మేస్త్రీయా? చిన్న రైతు మీద అంత భారం వేయలేం, వేసినా రాదు. దూరపు కూలికి పోయే ప్రతి మనిషికీ ప్రభుత్వమే ప్రీమియం కట్టి, పట్టాదారుకు ఇచ్చినట్టే బీమా ఇవ్వాలి. పంట కాలంలో పొద్దున ఐదింటికి తండాల నుంచి బస్సు నడపాలి. కూలీల దారి పొడుగునా కరెంటు తీగలను విద్యుత్ శాఖ సీజనుకు ముందు చూసి, చూసినట్టు పంచాయతీలో సంతకం పెట్టాలి. ఇందులో ఏదీ విప్లవం కాదు.

ఈలోగా మన చేతిలో ఉన్న పని. ఇలాంటి వార్త వినగానే ఆస్పత్రికి పోతాం, పరామర్శిస్తాం, కరపత్రం వేస్తాం. దానికి ముందు ఒకరు పోలీసు స్టేషన్‌లో కూర్చోవాలి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దావా వేయడానికి 2022 ఏప్రిల్ నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. దాని మీద వ్యాజ్యాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి గానీ, గడువు లేదనుకుని కూర్చుంటే నష్టం మనదే. ముఠాలో ఆ రోజు ఎవరెవరున్నారో, ఏ చేనుకు పోతున్నారో, ఎంత కూలో, ఆ సీజనులో ఎన్ని రోజులు పోయారో బతికినవాళ్ల చేత ఆ వారంలోనే రాయించి పెట్టుకోవాలి. నెల తిరిగితే ఎవరి బతుకు వాళ్లది, మేస్త్రీ మాట్లాడడు. మార్చురీ దగ్గర పంచనామా రాసేటప్పుడు చనిపోయిన మనిషి వృత్తి అడుగుతారు. ఏడుస్తున్న ఇంటివాళ్లలో ఎవరో ఒక మగాయన "ఇంట్లోనే ఉంటదండీ" అంటాడు. అదే కాగితం మీద పడుతుంది. పక్కన నిలబడి, ఆ పక్కనే "వ్యవసాయ కూలీ" అని కూడా రాయించండి.